గురి చుక్క ఎంత ఉండాలి?

1994 చలికాలం. కశ్మీర్‌లోని కుప్వారా జిల్లాలో ఒక పల్లెను తెల్లవారుజామునే చుట్టుముట్టాం. సాయంత్రానికి గాలించాల్సినది ఒక్క ఇల్లు మిగిలింది. మట్టి గోడలు, చెక్క దూలాలు, చిన్న చిన్న కిటికీలు. నా చేతిలో 9 ఎంఎం కార్బైన్ 1ఎ1. బయట మంచు మీద ఇంకా వెలుతురు ఉంది. గడప దాటి లోపలికి అడుగు పెట్టగానే కళ్లకు చీకట్లు కమ్మాయి. మూలన ఒక ఆకారం కదిలింది. కార్బైన్ ఎత్తాను. నల్లటి గదిలో నల్లటి సైటు. ముందు సైటు మొన ఎక్కడుందా అని నేను వెతుక్కునేలోపే అతడు కిటికీలోంచి దూకేశాడు. నా తూటాలు చెక్క చట్రంలో దిగబడ్డాయి. బయటి వలయంలో ఉన్న నా జవాను తొడలోంచి ఒక తూటా దూసుకుపోయింది. ప్రాణం దక్కింది కానీ, అతడు మళ్లీ పెట్రోలింగ్‌కు కొండ ఎక్కలేదు.

నేను పోగొట్టుకున్న సమయం ఒక సెకను ఉంటుంది. ఆ సెకను గురించి మూడు దశాబ్దాలుగా ఆలోచిస్తూనే ఉన్నాను. దాన్ని ఎలా మిగుల్చుకోవచ్చో నాకు అర్థమైంది మాత్రం ఏ యుద్ధ కళాశాలలోనూ కాదు. అమెరికాలో వారాంతపు పోటీ జరిగే ఒక ఫైరింగ్ రేంజ్‌లో, అదీ నేనిచ్చిన తప్పుడు సలహా పుణ్యాన. మన సైన్యం లక్షల సంఖ్యలో కొత్త కార్బైన్లు సమకూర్చుకుంటున్న ఈ సమయంలో ఆ సంగతి పాఠకులతో పంచుకోవాలనిపించింది.

మేనల్లుడి సందేహం

మా మేనల్లుడు టెక్సాస్‌లోని డాలస్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. అమెరికా పౌరుడు. శనివారం వస్తే కార్బైన్ పోటీలకు వెళతాడు. 1976లో అమెరికాలోని కొలంబియాలో మొదలైన ప్రాక్టికల్ షూటింగ్ క్రీడకు ఇది కొత్త శాఖ. పిస్తోలు తూటాలు పేల్చే కార్బైన్లకు అక్కడి జాతీయ సంఘం 2016లో విడిగా ఒక విభాగం తెరిచింది. ఒలింపిక్ షూటింగ్‌లా ఒకచోట నిలబడి పేల్చే ఆట కాదిది. తడకలు, తలుపులు, పీపాల మధ్య పరుగెత్తుతూ, గోడ పక్క నుంచి వంగుతూ, సందుల్లోంచి చూస్తూ అట్ట లక్ష్యాలను, ఉక్కు పలకలను కొట్టాలి. లక్ష్యాల్లో ఎక్కువ భాగం 3 నుంచి 25 గజాల లోపే ఉంటాయి. అప్పుడప్పుడూ 50 గజాల దూరంలో ఒకటి రెండు పెడతారు.

మార్కుల లెక్క చిత్రంగా ఉంటుంది. వచ్చిన పాయింట్లను పట్టిన సెకన్లతో భాగిస్తారు. ఉదాహరణకు, 150 పాయింట్లు 20 సెకన్లలో సాధిస్తే 7.5. నాలుగు పాయింట్లు పోగొట్టుకుని రెండు సెకన్లు మిగుల్చుకుంటే 146ను 18తో భాగించాలి, 8.1 వస్తుంది. అలాగని గుడ్డిగా పేలిస్తే, తప్పిన ప్రతి తూటాకూ పది పాయింట్లు కోత. గురి, వేగం రెండూ ఒకే త్రాసులో ఉంటాయి.

విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లు అక్కడ తుపాకీ పట్టుకోవడానికి, వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప, చట్టం ఒప్పుకోదు. అందుకని నేను ప్రేక్షకుణ్నే. పోటీకి రెండు వారాల ముందు మావాడు అడిగాడు: ‘‘మావయ్యా, కొత్త రెడ్ డాట్ సైటు కొంటున్నా. చుక్క 2 ఎంఓఏ తీసుకోనా, 6 తీసుకోనా?’’

డెహ్రాడూన్ అకాడమీలో నేర్చుకున్న పాఠం నోట్లోంచి ఠక్కున వచ్చేసింది. ‘‘చిన్నదే తీసుకో. గురి మొన ఎంత సన్నగా ఉంటే దెబ్బ అంత కచ్చితం. పెద్ద చుక్క లక్ష్యాన్ని కప్పేస్తుంది’’ అన్నాను. మావాడు బుద్ధిగా 2 ఎంఓఏ చుక్క ఉన్న బుల్లి గొట్టం సైటు కొన్నాడు. పోటీలో ఎప్పుడూ వచ్చే స్థానం కంటే బాగా కిందికి జారిపోయాడు.

చుక్క వెనుక లెక్క

ఎంఓఏ అంటే మినిట్ ఆఫ్ యాంగిల్. వృత్తానికి 360 డిగ్రీలు, డిగ్రీకి 60 మినిట్లు. ఒక మినిట్ కోణం 100 మీటర్ల దూరంలో సుమారు 2.9 సెంటీమీటర్ల వెడల్పును కప్పుతుంది. దూరం సగమైతే ఆ వెడల్పూ సగమవుతుంది. సైటులో చుక్క మన కంటికి ఎప్పుడూ ఒకే పరిమాణంలో కనిపిస్తుంది. దూరం పెరిగేకొద్దీ లక్ష్యం చిన్నదవుతుంది, అంతే.

నేను భయపడినట్టు పెద్ద చుక్క లక్ష్యాన్ని కప్పేస్తుందా? లెక్క వేసి చూద్దాం. పది మీటర్ల దూరంలో 2 ఎంఓఏ చుక్క కప్పేది ఆరు మిల్లీమీటర్లు. 6 ఎంఓఏ చుక్క కప్పేది రెండు సెంటీమీటర్ల కంటే తక్కువ. ఆ పోటీల్లో అట్ట మీద అయిదు పాయింట్ల గడి వెడల్పు 15 సెంటీమీటర్లు. యాభై మీటర్లలో కూడా 6 ఎంఓఏ చుక్క 8.7 సెంటీమీటర్లే కప్పుతుంది. 20 సెంటీమీటర్ల ఉక్కు పలకలో అది సగం కూడా కాదు. అంటే ఆ ఆటలో ఎదురయ్యే దూరాల్లో ‘కప్పేయడం’ అనే సమస్యే లేదు. నేను 300 మీటర్ల రైఫిల్ పాఠాన్ని 10 మీటర్ల ఆటకు అప్పజెప్పాను.

మరి మావాడు ఎక్కడ దెబ్బతిన్నాడు? టైమర్ పట్టుకుని నిలబడ్డ రేంజ్ అధికారిణికి డెబ్బై ఏళ్లు ఉంటాయి. నా పక్కకొచ్చి, ‘‘కల్నల్, తుపాకీ భుజానికెత్తిన ప్రతిసారీ మీ కుర్రాడు తలను కోడిమెడలా ఆడిస్తున్నాడు, గమనించారా? చుక్కను వెతుక్కుంటున్నాడు’’ అంది. తరువాతి స్టేజీలో గమనించాను. నిజమే. టెక్సాస్ మిట్టమధ్యాహ్నపు ఎండలో, లేత ఇసుక దిబ్బ ముందు ఆ సన్న చుక్క వెలవెలబోయింది. కాంతి పెంచాడు. రేకుల షెడ్డు నీడలోకి వచ్చేసరికి అదే చుక్క చింతనిప్పులా విచ్చుకుంది. లక్ష్యం మారిన ప్రతిసారీ పావు సెకను, అర సెకను చొప్పున పోయింది. మొత్తం ఇరవై ముప్పై తూటాలు పేల్చే స్టేజీలో ఆ చిల్లరంతా కూడితే చాలా అవుతుంది.

ఆ రోజు కుప్వారా ఇంట్లో నేను చేసిందీ సరిగ్గా అదే. వెతుక్కున్నాను.

కన్ను ఒక్కదాన్నే చూడగలదు

ఇనుప సైట్లలో కన్ను మూడింటిని ఒకే గీత మీదికి తేవాలి: వెనుక సైటు, ముందు సైటు, లక్ష్యం. మూడూ మూడు దూరాల్లో ఉంటాయి. కన్ను ఒక్కసారికి ఒక్క దూరాన్నే స్పష్టంగా చూడగలదు. అందుకే శిక్షణలో ‘ముందు సైటు మీదే చూపు నిలుపు’ అని కొట్టి మరీ నేర్పేవారు. ఎదురుగా ప్రాణం తీయడానికి వచ్చినవాడుంటే చూపు ముందు సైటు మీద నిలుస్తుందా? నిలవదు. సహజంగానే వాడి మీదికి పోతుంది.

ఈ చిక్కును విప్పినవాడు ఐర్లండ్‌కు చెందిన టెలిస్కోపుల తయారీదారు హోవర్డ్ గ్రబ్. కాంతిరేఖలను సమాంతరంగా మలిచి అద్దం మీద ప్రతిఫలింపజేస్తే, గురి గుర్తు ఎక్కడో అనంత దూరంలో లక్ష్యంతో పాటే తేలుతున్నట్టు కనిపిస్తుందని 1900లో చూపించాడు. అప్పుడు కంటికి పని ఒక్కటే మిగులుతుంది: లక్ష్యాన్ని చూడటం. ఆ డబ్లిన్ సంస్థ పేరు హైదరాబాద్‌కు కొత్తది కాదు. నవాబ్ జఫర్ జంగ్ ఆసక్తితో మొదలైన నిజామియా అబ్జర్వేటరీలోని 15 అంగుళాల టెలిస్కోపు గ్రబ్ తయారీయే.

రెండో ప్రపంచయుద్ధంలో యుద్ధవిమానాల పైలట్లు గ్రబ్ సూత్రంతోనే గురిపెట్టారు. పదాతి సైనికుడి దాకా అది రావడానికి ఇంకా చాలాకాలం పట్టింది. 1970 నవంబరులో ఉత్తర వియత్నాంలోని సన్ టే యుద్ధఖైదీల శిబిరంపై దాడికి వెళ్లిన అమెరికన్ కమాండోలు, ఒక కంటితో వెలిగే చుక్కను, రెండో కంటితో లక్ష్యాన్ని చూసే తొలితరం సైట్లు వాడారు. 1975లో స్వీడన్‌కు చెందిన ఎయిమ్‌పాయింట్ బ్యాటరీతో పనిచేసే ఎలక్ట్రానిక్ రెడ్ డాట్‌ను మార్కెట్లోకి తెచ్చింది. 1990లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో జరిగిన ప్రాక్టికల్ షూటింగ్ ప్రపంచ పోటీని డగ్ కోనిగ్ రెడ్ డాట్‌తో గెలిచాడు. అమెరికా సైన్యం ఆ తరహా సైటును ఎం68 పేరుతో మామూలు సైనికుడి రైఫిల్ మీదికి తెచ్చింది 1990ల ద్వితీయార్ధంలో. అంటే, సైన్యాలు సందేహిస్తున్న రోజుల్లోనే పోటీదారులు తమ డబ్బు పెట్టి, తమ ఓటములతో దాన్ని పరీక్షించేశారు.

చుక్క ఒక్కటే కాదు

మర్నాడు మావాడూ నేనూ ఒక దుకాణానికి వెళ్లాం. తుపాకీకి బిగించని సైట్లను బల్ల మీద వరసగా పెట్టి చూపించారు. వాటిలోంచి చూశాక నాకు మూడు విషయాలు తెలిసివచ్చాయి.

మొదటిది నా కన్ను. 2 ఎంఓఏ చుక్క నాకు గుండ్రంగా కాక, తోకచుక్కలా సాగి కనిపించింది. సైటు పాడైందనుకున్నాను. మావాడు ఫోన్ కెమెరాను అందులోంచి పెట్టి ఫొటో తీస్తే, ఫొటోలో చుక్క గుండ్రంగానే వచ్చింది. లోపం నా కంటి వంపులో ఉంది. దీన్నే ఆస్టిగ్మాటిజం అంటారు. కళ్లద్దాలు పెట్టుకుంటే చాలావరకు సర్దుకుంది. ఈ లోపం ఉన్నవాళ్లు తక్కువేం కాదు. అలాంటివారికి కాంతి తగ్గించి వాడటం, లేదా చుక్కను గాజు మీదే చెక్కిన ప్రిజం సైట్లు మేలు. ఎవరో బాగుందన్నారని కొనేస్తే ఈ సంగతి డబ్బు పోయాక తెలుస్తుంది.

రెండోది అద్దం పరిమాణం. ‘సైజు’ అనగానే మేమిద్దరం చుక్క గురించే మాట్లాడుకున్నాం. నిజానికి మావాడిని ఎక్కువ దెబ్బతీసింది అద్దమే. 20 మిల్లీమీటర్ల అటూ ఇటూ ఉండే బుల్లి గొట్టంలో తల కొంచెం పక్కకు జరిగినా చుక్క మాయమవుతుంది. నిటారుగా నిలబడి పేల్చేటప్పుడు ఇది తెలియదు. గోడ పక్కకు ఒరిగినప్పుడు, మోకాలి మీద కూర్చుని కింది సందులోంచి చూసినప్పుడు, ఎడమ భుజానికి మార్చుకున్నప్పుడు తెలుస్తుంది. 30 మిల్లీమీటర్ల గొట్టమో, వెడల్పైన తెరిచిన అద్దమో అయితే తల సరిగ్గా కుదరకపోయినా చుక్క ఎక్కడో ఒకచోట కనిపిస్తూనే ఉంటుంది. దానికి చెల్లించే మూల్యం బరువు. బుల్లిది వంద గ్రాముల అటూ ఇటూ తూగితే, పెద్ద గొట్టం రెండు వందలు దాటుతుంది. తెరిచిన అద్దమైతే వాన చినుకు, దుమ్ము లోపలి బల్బు ముందు చేరే ప్రమాదం కూడా ఉంది. పోటీదారుడు ఒక గుడ్డముక్కతో తుడుచుకుని సరిపెట్టుకోవచ్చు. బురదలో పాకే జవానుకు ఆ వెసులుబాటు ఉండదు.

మూడోది ఎత్తు. ఇలాంటి కార్బైన్ల మీద చుక్క గొట్టపు మధ్యరేఖకు ఆరేడు సెంటీమీటర్ల పైన ఉంటుంది. పాతిక మీటర్లకు సరిచేసుకున్న తుపాకీతో అయిదు మీటర్లలో పేలిస్తే, తూటా చుక్క కంటే అయిదు సెంటీమీటర్ల పైగా కింద తగులుతుంది. మావాడు దగ్గరి లక్ష్యం నుదుటి గడిలో చుక్క పెట్టి పేలిస్తే తూటాలు గడి కింద పడ్డాయి. ఇంకో ప్రమాదం కూడా ఉంది. కంటికి దారి స్పష్టంగా కనిపిస్తున్నా, గొట్టం ముందు గోడ అంచో కిటికీ చెక్కో అడ్డంగా ఉండొచ్చు. ఆటలో అది ఒక పెనాల్టీ. ఇళ్ల గాలింపులో పక్కనున్న మనవాడి ప్రాణం.

చివరికి మావాడు తీసుకున్నది పెద్ద అద్దం, 6 ఎంఓఏ చుక్క. పెద్ద చుక్కను తక్కువ కాంతిలో కూడా కన్ను ఇట్టే పట్టుకుంటుంది. దానికన్నా ముఖ్యం, ఆ అధికారిణి నేర్పిన ఒక సాధన. తుపాకీ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, గోడమీద ఒక గుర్తు చూసి, కళ్లు మూసుకుని, తుపాకీ భుజానికెత్తి, కళ్లు తెరవాలి. చుక్క గుర్తు మీద ఉందా? లేకపోతే మడమ పొడవు, సైటు ఎత్తు, చెంప ఆనే చోటు, వీటిలో ఏదో తప్పు. రోజుకు యాభైసార్లు. తూటా ఖర్చు లేదు. రెండు నెలల తరువాత ఫోన్ చేసి, ‘‘మావయ్యా, ఇప్పుడు వెతుక్కోవడం లేదు’’ అన్నాడు. మార్కులు ఎన్నొచ్చాయో నేను అడగలేదు.

మన కార్బైన్ల సంగతి

మన దేశంలో ఈ ఆట పౌరులకు అందుబాటులో లేదు. ఆయుధాల చట్టం ప్రకారం 9 ఎంఎం వంటి తూటాలు నిషిద్ధ కోవలోకి వస్తాయి. ఆ నియంత్రణ ఉండాల్సిందేనని నా అభిప్రాయం. కానీ ఆ ఆట నేర్పే పాఠం మన సైన్యానికి, పోలీసులకు నేరుగా పనికొస్తుంది.

నేను మోసిన 1ఎ1 కార్బైన్ బ్రిటిష్ స్టెర్లింగ్ నమూనా. వెనుక సైటులో 100, 200 గజాలకు మార్చుకునే రెండు రంధ్రాలుండేవి. దగ్గరి పోరాటం కోసం పుట్టిన ఆయుధానికి పగటి వెలుతురు కోసం పుట్టిన సైటు. దాని స్థానంలో కొత్త ఆయుధం కోసం సైన్యం ఏళ్ల తరబడి ఎదురుచూసింది. 2022 జులైలో రక్షణ కొనుగోళ్ల మండలి సుమారు నాలుగు లక్షల క్లోజ్ క్వార్టర్ బాటిల్ కార్బైన్లకు ఆమోదం తెలిపింది. 2025 డిసెంబరులో 4.25 లక్షలకు పైగా కార్బైన్ల కోసం రెండు దేశీయ సంస్థలతో రక్షణ శాఖ ఒప్పందాలు కుదుర్చుకుంది. ఇది హర్షించాల్సిన విషయం. ఇలాంటి ఆధునిక కార్బైన్ పైభాగాన రైలు ఉంటుంది. దానిమీద ఏ సైటు బిగించినా కూర్చుంటుంది. కాబట్టి సైటు ఎంపిక అనేది ఆయుధం ఎంపికతో ముగిసిపోదు.

ఇక్కడ నేను రెండోసారి తప్పు చేయదలచుకోలేదు. మైదానంలో మావాడికి నప్పిన 6 ఎంఓఏ చుక్కను జవానుకు అంటగట్టడం, రైఫిల్ పాఠాన్ని మావాడికి అప్పజెప్పినట్టే అవుతుంది. సైనిక కార్బైన్ గది లోపల అయిదు మీటర్లకూ పనికి రావాలి, పొలం అవతల 200 మీటర్లకూ పనికి రావాలి. ఆ దూరంలో 6 ఎంఓఏ చుక్క 35 సెంటీమీటర్లు కప్పేస్తుంది. మనిషి ఛాతీలో చాలాభాగం దాని వెనుక దాక్కుంటుంది. 2 ఎంఓఏ చుక్క కప్పేది 12 సెంటీమీటర్ల లోపే. కాబట్టి జవానుకు 2 నుంచి 3 ఎంఓఏ చుక్క, దాన్ని చీకట్లోనూ మంచు మీదా కనిపించేలా చేసే విస్తృతమైన కాంతి స్థాయులు, నైట్ విజన్‌తో కలిసి పనిచేసే తక్కువ కాంతి మెట్లు, వీలైనంత వెడల్పైన మూసిన అద్దం కావాలి. చుట్టూ పెద్ద వలయం, మధ్యలో సన్న చుక్క ఉండే సైట్లు కూడా ఉన్నాయి. దగ్గర్లో వలయం కంటికి అందుతుంది, దూరంలో చుక్క పని చేస్తుంది. ఇక బ్యాటరీ చచ్చిపోయిన రోజు కోసం ఇనుప సైట్లు ఉండనే ఉండాలి. సియాచిన్ చలి, జైసల్మేర్ వేడి ఏ బ్యాటరీకీ మేలు చేయవు.

ఇవన్నీ విదేశాల నుంచే తెచ్చుకోవాలా? 1926లో ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీగా మొదలై, 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో భాగమైన మచిలీపట్నం యూనిట్ మన సైన్యానికి నైట్ విజన్ పరికరాలు తయారుచేస్తోంది. డెహ్రాడూన్‌లో రక్షణ పరిశోధన సంస్థకు చెందిన దృశ్య పరికరాల ప్రయోగశాల ఉంది. ప్రైవేటు రంగంలోనూ తయారీదారులు ముందుకొస్తున్నారు. రెడ్ డాట్ సైటు మనకు చేతకాని సాంకేతికత కాదు. చేయాల్సిందల్లా జవాను కంటి దగ్గర మొదలుపెట్టడం.

పరీక్ష ఎలా పెట్టాలన్నదే అసలు విషయం. బల్ల మీద ఇసుక సంచి పెట్టి, తుపాకీ ఆనించి, వంద మీటర్లలో అయిదు తూటాల గుంపు ఎంత చిన్నదో కొలిస్తే ప్రతిసారీ సన్న చుక్కే గెలుస్తుంది. నేను మావాడికి తప్పుడు సలహా ఇచ్చింది ఆ బల్ల ముందు కూర్చునే. ఒక పదాతి బెటాలియన్ నుంచి మామూలు జవాన్లను తీసుకోండి. అందులో కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు, నలభై దాటిన హవల్దార్లు ఉండాలి. ఎండలోంచి చీకటి గదిలోకి పంపండి. హెల్మెట్, కవచం వేసి, గోడ పక్కకు వంగి, రెండు భుజాల మీదా పేల్చమనండి. భుజానికెత్తినప్పటి నుంచి మొదటి తూటా తగిలేదాకా టైమర్‌తో కొలవండి. తగలని తూటాకు భారీ కోత పెట్టండి. పాయింట్లను సెకన్లతో భాగించండి. ఏ సైటు కొనాలో ఆ పట్టికే చెబుతుంది. గ్రేహౌండ్స్, ఆక్టోపస్ వంటి మన రాష్ట్రాల దళాలు కూడా ఏటా ఇలాంటి అంతర్గత పోటీ పెట్టుకుంటే, సైట్లతో పాటు మనుషులూ పదునెక్కుతారు.

కుప్వారాలో గాయపడిన ఆ జవాను ఇప్పుడు తన ఊళ్లో చిన్న దుకాణం నడుపుతున్నాడు. ఏటా జనవరి 15న, సైనిక దినోత్సవం నాడు ఫోన్ చేస్తాడు. ఆ రోజు సంగతి ఎప్పుడూ ఎత్తడు. ఈ ఏడాది నేనే ఎత్తాను. కొత్త కార్బైన్ల గురించి చెప్పాను. అంతా విని, ‘‘సాబ్, చీకట్లో కనబడుతుందా?’’ అని అడిగాడు. సైట్ల కొనుగోలు పత్రాలు రాసే అధికారులు మొట్టమొదట జవాబు చెప్పాల్సింది ఆ ప్రశ్నకే.

(వ్యాసకర్త విశ్రాంత సైనికాధికారి)